వదిలిపోగల యజమాని

నూజివీడు చుట్టుపక్కల మామిడితోటలు చాలావరకు కాయ మీద కాక పూత మీదనే బేరమవుతాయి. మంచు రోజుల్లో పూత కనపడగానే గుత్తదారు వస్తాడు. తోటంతా ఒకసారి కలయదిరిగి చూస్తాడు. ఈ ఏటి కాపుకు ఇంత అని మాట కుదుర్చుకుని బయానా ఇచ్చి పోతాడు. అప్పటినుంచి మందు కొట్టించటం, కాపలా పెట్టటం, కాయ కోయించి నున్న మార్కెట్టుకు తోలటం అతని పని. చెట్టు రైతుది, కాపు గుత్తదారుది. ఈ ఏర్పాటు ఇక్కడ ఎవరికీ వింత కాదు.

ఇటువంటి రైతు ఒకాయన కొడుకు నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదువుతున్నాడు. ఒకనాడు అతను నా దగ్గరకు వచ్చి ఫోనులో ఒక పట్టిక చూపించాడు. ఒక కంపెనీ వాటాలు ఎవరెవరి చేతిలో ఎంతెంత వున్నాయో తెలిపే పట్టిక అది. వరుసగా నాలుగు త్రైమాసికాలుగా అందులో విదేశీ ఫండ్ల వాటా పెరుగుతున్నది. వాటిలో రెండు పేరుమోసిన హెడ్జ్ ఫండ్లు. తండ్రికి వచ్చిన బయానాలో కొంత సొమ్ము ఆ వాటాల్లో పెట్టాలని కుర్రవాడి వుద్దేశం. “అంత తెలివిగలవాళ్లు, అంత డబ్బు పోసి, చూడకుండా కొంటారా మాస్టారూ?” అని అడిగాడు.

ఈ ప్రశ్న అతనొక్కడిదే కాదు. ఇవాళ కళాశాలల్లో చదువుతున్న కుర్రవాళ్లలో ఎందరికో డీమ్యాట్ ఖాతాలు వున్నాయి. పెద్ద ఫండు కొన్నదని తెలిస్తే ఆ వాటా మంచిదనీ, అమ్మిందని తెలిస్తే చెడ్డదనీ తీర్మానించుకోవటం వారిలో అలవాటయింది. అభ్యుదయ భావాలు కలవారం కనుక ఇదంతా జూదమని ఒక్క మాటతో తోసిపారెయ్యటం మనకు తేలిక. కాని తోసిపారేసినంత మాత్రాన ప్రశ్న పోదు. అందులో రెండు ప్రశ్నలు ఇమిడి వున్నాయి. ఆ పట్టిక మనకు ఏమి చెపుతుంది అన్నది మొదటిది. ఆ పట్టికలో పేరున్నంత మాత్రాన ఒకడు యజమాని అవుతాడా, అయితే అతని బాధ్యత ఏమిటి అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు జవాబు తెలిసినవారు చాలామంది వున్నారు. వారు రెండవ ప్రశ్న జోలికి పోరు.

హెడ్జ్ అంటే కంచె. 1949లో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ విన్స్‌లో జోన్స్ అనే ఆయన లక్ష డాలర్లతో మొదటి హెడ్జ్ ఫండు స్థాపించాడు. అందులో నలభైవేలు ఆయన సొంతం. బాగుపడతాయనుకున్న కంపెనీల వాటాలు కొనాలి. చెడిపోతాయనుకున్న కంపెనీల వాటాలు అప్పు తెచ్చి అమ్మి, ధర పడినాక కొని అప్పు తీర్చాలి. రెండూ ఒకేసారి చేస్తే బజారు లేచినా పడినా సొమ్ముకు కంచె వుంటుందని ఆయన ఆలోచన. ఈ జోన్స్ అసలు సమాజశాస్త్రజ్ఞుడు. రబ్బరు కార్ఖానాలకు పేరుపడిన ఏక్రన్ పట్టణంలో కార్మికులను, ఇతర వర్గాలవారిని కలుసుకుని, కంపెనీల ఆస్తిహక్కును గురించి వారేమనుకుంటున్నారో విచారించి 1941లో ఒక గ్రంథం ప్రచురించాడు. కంపెనీ ఆస్తిమీద ఎవరికి ఎంత హక్కు అనే ప్రశ్నతో బయలుదేరిన మనిషి, చివరకు ఆ ప్రశ్నతో నిమిత్తమే లేని ఒక యాజమాన్య పద్ధతిని లోకానికి ఇచ్చిపోయాడు. ఈ పద్ధతిలో కంపెనీ ఏమి తయారుచేస్తున్నది, ఎవరిచేత చేయిస్తున్నది అన్నవి ధర కదలికను వూహించటానికి పనికివచ్చినంతవరకే ముఖ్యం.

ఇప్పుడు పట్టిక దగ్గరకు వద్దాం. మన దేశంలో బజారులో నమోదైన ప్రతి కంపెనీ, త్రైమాసికం ముగిసిన 21 రోజులలోగా వాటాదార్ల వివరం ప్రకటించాలి. ఒక శాతం, అంతకు మించి వున్నవారి పేర్లు అందులో విడివిడిగా కనపడతాయి. అమెరికాలో పది కోట్ల డాలర్లకు మించిన వాటాలను నడిపే ఫండ్లు 45 రోజులలోగా తమ దగ్గర ఏయే వాటాలు వున్నాయో చెప్పాలి. ఇంతవరకు మంచిదే. రహస్యంగా వుండవలసినది బయటపడటం ఎప్పుడూ ప్రజలకు మేలే.

కాని ఈ పట్టిక చెప్పని సంగతులు కొన్ని వున్నాయి. మొదటిది, అది పాత కబురు. పట్టిక మన కంటపడేనాటికి ఆ ఫండు ఆ వాటాలను అమ్మి వెళ్లి వుండవచ్చు. రెండవది, అది సగం కబురు. అమెరికాలో ఫండ్లు ఇచ్చే ఆ లెక్కలో కొన్నవే వుంటాయి. అప్పు తెచ్చి అమ్మినవి వుండవు. కుడిచేత్తో కొన్నది మనకు కనపడుతుంది, ఎడమచేత్తో పన్నిన ఎదురు పందెం కనపడదు. ఒక గుత్తదారు మనవూళ్లో పెద్ద తోట తీసుకున్నాడని విని ఈ ఏడు మామిడికి ధర వుంటుందని సంబరపడతాం. అతను ఇంకెక్కడో ధర పడిపోతుందనే లెక్కమీద ఇంకొక బేరం చేసుకున్నాడేమో మనకేం తెలుసు? మూడవది, ఆ పేరు వెనక మనిషి ఎవరో తెలియకపోవచ్చు. మన బజారులో పార్టిసిపేటరీ నోట్లు అనే పత్రాల చాటున విదేశీ సొమ్ము చాలాకాలం పేరు లేకుండా వచ్చింది. 2007 అక్టోబరులో సెబీ వాటిని అదుపు చేస్తానన్న మర్నాడు బొంబాయి సూచీ నిమిషాలలో 1,700 పాయింట్లకు పైగా పడిపోయి, వ్యాపారం గంటసేపు ఆపవలసి వచ్చింది. పేరు చెప్పమన్నందుకే అంత అలజడి! నాలుగవది, పట్టికలో అంకె వుంటుంది గాని కారణం వుండదు. కంపెనీ మీద నమ్మకంతో కొన్నవాడికి, పక్కవాడు కొన్నాడని కొన్నవాడికి, మూడు నెలల్లో ఇంకొకడికి అంటగట్టవచ్చునని కొన్నవాడికి ఒకటే అంకె.

1936లోనే కీన్స్ అనే ఆర్థికవేత్త ఈ మాట గ్రహించాడు. బజారులో ప్రతివాడూ మంచి వాటాను ఎన్నుకోడనీ, ఏది మంచిదని పదిమందీ అనుకుంటారో దాన్ని వూహించి ఎన్నుకుంటాడనీ ఒక అందాల పోటీతో పోల్చి చెప్పాడు. ఆ పదిమంది కూడా అదే పని చేస్తూ వుంటే ఇక కంపెనీని చూస్తున్నవాడెవడు?

ఈ ప్రశ్నకు మన తెలుగునేల మీదనే జవాబు దొరికింది. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ సంగతి అందరూ ఎరిగినదే. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు తానే లేఖ రాసి లెక్కలు తప్పుడువని ఒప్పుకున్నాడు. పుస్తకాలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవు. ఆనాటి వాటాల పట్టికను ఇప్పుడు తిరిగి చూస్తే ఒక సంగతి స్పష్టపడుతుంది. 2001లో పాతిక శాతం దాటి వున్న ప్రమోటర్ల వాటా 2008 నాటికి తొమ్మిది శాతం లోపుకు దిగింది. కంపెనీని లోపలినుంచి ఎరిగినవారు మెల్లగా తప్పుకుంటూ వుంటే, బయటినుంచి చూసేవారు, దేశవిదేశాల ఫండ్లు, సంస్థలు, ఎక్కువ భాగం పట్టుకుని కూర్చున్నారు. చిన్న మదుపుదార్లు పెద్ద ఫండ్ల పేర్లు చూసి ధైర్యం తెచ్చుకున్నారు. ఒకరి ధైర్యం ఇంకొకరికి రుజువయింది. వున్న వాటాలు కూడా తాకట్టులో వున్న సంగతి ఆ పట్టికలో లేదు. ప్రమోటర్లు తాకట్టు పెట్టిన వాటాలను ప్రకటించాలనే నియమం సెబీ ఆ జనవరిలో, కొంప మునిగిన తరవాత చేసింది.

నేను ఈ కథ చెపుతూ వుండగా కుర్రవాడి తండ్రి కూడా అక్కడికి వచ్చాడు. ఆయనకు వాటాల బజారు తెలియదు. అంతా విని, “కొన్నవాడి సంగతి సరేనండీ. అమ్మినవాడెవడు?” అన్నాడు. జీవితమంతా బేరాలలో అమ్మేవైపు నిలబడ్డ మనిషికి ఆ అనుమానం సహజంగా వచ్చింది. ఫండ్ల వాటా పెరిగిందంటే ఎవరిదో తరిగిందన్న మాట. ఆ తరిగినవారిని గురించి విచారించినప్పుడే మనం రెండవ ప్రశ్నలోకి ప్రవేశిస్తాం.

ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్స్ కథ అందుకు తగిన వుదాహరణ. అది 1990 దశకం చివర మెదక్ జిల్లాలో పేద స్త్రీలకు చిన్న అప్పులిచ్చే, లాభాపేక్ష లేని సంఘంగా ప్రారంభమయింది. తరవాత కంపెనీగా మారింది. మారేటప్పుడు, అప్పు తీసుకునే స్త్రీల మేలు కోసమని ఏర్పరచిన పరస్పర లాభ ట్రస్టుల పేర అందులో పెద్ద వాటా వుండేది. అంటే కాగితం మీదనైనా యజమానులు ఆ స్త్రీలే. క్రమంగా పెట్టుబడి కావలసివచ్చింది. 2007లో సెకోయా వచ్చింది. 2008 నవంబరులో శాండ్‌స్టోన్ అనే అమెరికన్ ఫండు ముందు నిలబడి ఏడున్నర కోట్ల డాలర్లు సమకూర్చింది. 2010 ప్రారంభంలో వ్యవస్థాపకుడు తన వాటాలు కొన్నింటిని సింగపూరులోని ఒక హెడ్జ్ ఫండుకు అమ్ముకున్నాడు. అదే ఏడు జూలై, ఆగస్టుల్లో కంపెనీ బజారుకెక్కినప్పుడు ముందుగా వాటాలు తీసుకున్నవారిలో జార్జి సోరోస్ తాలూకు క్వాంటం ఫండు పేరు వున్నది. ఒక్కొక్క ఫండు వస్తున్నకొద్దీ స్త్రీల ట్రస్టుల వాటా పలచబడుతూ వచ్చింది. పత్రికలు వచ్చినవారి పేర్లు రాశాయి. తరిగినవారి పేర్లు రాయటానికి వారు లక్షల మంది. పైగా పేరున్నవారు కారు.

వాటా ఒక్కొక్కటి 985 రూపాయల చొప్పున పిలిస్తే జనం ఎగబడ్డారు. 2010 ఆగస్టు 16న నమోదయిన వాటా సెప్టెంబరులో 1,400 దాటింది. అమ్మకానికి పెట్టిన కోటి 68 లక్షల వాటాలలో కంపెనీ కొత్తగా పుట్టించినవి 74 లక్షల చిల్లర మాత్రమే. మిగిలిన 93 లక్షల పైచిలుకు పాతవారు అమ్ముకున్నవి. సగానికి పైగా సొమ్ము కంపెనీకి చేరలేదు. వెళ్లిపోతున్న యజమానులకు చేరింది. ‘అమ్మినవాడెవడు’ అన్న ఆ రైతు ప్రశ్న వేసుకున్నవాడికి ఇది ఆనాడే దొరికేది. ప్రకటనలో అచ్చువేసే వున్నది.

ఇక ఆ లాభం ఎక్కడినుంచి వచ్చింది? వాటా ధర పెరగాలంటే అప్పులు పెరగాలి, వసూళ్లు తప్పకూడదు. వారం వారం వాయిదాలు. అయిదుగురేసి స్త్రీలు ఒక జట్టు; ఒకతె కట్టలేకపోతే మిగతావారు కట్టాలి. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీల అప్పులు పడ్డాయి. అంతకుముందే, 2006 మార్చిలో, నూజివీడు భాగంగా వున్న అప్పటి కృష్ణా జిల్లాలో అధికారులు రెండు పెద్ద మైక్రోఫైనాన్స్ సంస్థల శాఖలను సుమారు యాభైని మూసివేశారు. అధిక వడ్డీలు, వసూళ్లలో నిర్బంధం అప్పటి ఆరోపణలు. ఆ హెచ్చరికను వాటాల బజారు చెవిన పెట్టలేదు. 2010లో ఈ రంగమంతటా అప్పులవాళ్ల వేధింపులనుబట్టి ఆత్మహత్యలు జరిగాయనే వార్తలు రాగా, కంపెనీలు ఆ నేరం తమది కాదన్నాయి. అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం వాయిదాలు నెల వాయిదాలయ్యాయి. ఇళ్ల ముందు కూర్చుని వసూలు చెయ్యటం ఆగింది. వసూళ్లు కుప్పకూలాయి. 2011–12లో కంపెనీకి 1,360 కోట్ల రూపాయల నష్టం వచ్చింది. 2012లో వాటా వంద రూపాయల లోపుకు పడింది. అందులో చేతులు కాల్చుకున్నవారు కూడా చాలామందే.

ఇక్కడ రెండు మాటలు పక్కపక్కన పెట్టి చూడండి. వాటాదారుడిది పరిమిత బాధ్యత. కంపెనీ ఏమయిపోయినా అతను పెట్టిన సొమ్ము మేరకే అతనికి నష్టం. అంతకు మించి అతన్ని అడిగేవాడు లేడు. అప్పు తీసుకున్న స్త్రీది సమష్టి బాధ్యత. తాను కట్టినా చాలదు, పక్కింటామె కట్టకపోతే అదీ తన నెత్తినే పడుతుంది. ఒకే కంపెనీ, ఒకే సొమ్ము. పై చివరన వున్నవాడి బాధ్యతకు చట్టం హద్దు గీసింది. కింది చివరన వున్నదాని బాధ్యతకు హద్దు లేదు. పైవాడు ఒక మధ్యాహ్నం వాటాలు అమ్మి వెళ్లిపోగలడు. ఆమె వూరు విడిచి ఎక్కడికి పోతుంది? హెడ్జ్ ఫండ్లకు వున్న కంచె ఏమిటో ఇప్పుడు మనకు బోధపడుతుంది. వదిలిపోగలగటమే ఆ కంచె. అది వారి చేనునే కాస్తుంది.

దీనికి ఎదురువాదన వున్నది, దాన్ని దాచకూడదు. వదిలిపోగల యజమాని వల్ల ఒక అదుపు కూడా వుంటుందని అంటారు. అది అబద్ధం కాదు. 2008 డిసెంబరు 16న సత్యం డైరెక్టర్లు ప్రమోటర్ల కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించారు. పెద్ద వాటాదార్లు గోలపెట్టి అమ్మకాలకు దిగేసరికి గంటలలో ఆ తీర్మానం రద్దయింది. ఏళ్ల తరబడి మేధావులైన డైరెక్టర్లూ, ఆడిటర్లూ చెయ్యలేని పని ఫండ్ల భయం ఒక పూటలో చేసింది. గుత్తదారు కూడా వుత్త దోపిడీదారు కాడు. తేనెమంచు పురుగు కొట్టినా, గాలివాన వచ్చినా ఆ ఏటి నష్టంలో అతనికీ పాలు వున్నది. ఇవన్నీ నిజాలే.

కాని ఆ అదుపు దేనికి పనికివచ్చింది? తమ సొమ్ము ఇంకొకరి జేబులోకి పోతూ వుంటే ఆపటానికి పనికివచ్చింది. అప్పుల వసూళ్లలో పేదస్త్రీలు నలుగుతూ వుంటే ఏ ఫండూ గోల పెట్టి అమ్మకాలకు దిగలేదు. వసూళ్లు ఆగినప్పుడు దిగాయి. కాపు మాత్రమే తనదైన గుత్తదారుకు, వచ్చే ఏడు ఆ చెట్టు ఏమవుతుందో పట్టదు. పూత కోసం మొదట్లో పాక్లోబ్యూట్రజాల్ మందు మోతాదు మించి పోయించేవాడు, చెట్టు చిగురు వెయ్యటం మానుకునే నాటికి ఇంకొక తోటలో వుంటాడు. కాపు దెబ్బతిన్న ఏడు బయానా వదులుకుని, మిగతా బాకీ ఎగ్గొట్టి తోట ముఖం చూడనివారూ వుంటారు. ఇది వారి దుర్మార్గం వల్ల జరిగేది కాదు. చెట్టునూ కాపునూ విడదీసిన ఏర్పాటులోనే అది వున్నది. మంచి గుత్తదారు వుండవచ్చు; అతని మంచితనం మీద తోట బతకకూడదు.

వాటా అనేది రాబోయే మిగులు మీద ఒక హక్కు కాగితమనీ, అసలు పెట్టుబడి ఒకచోట పనిచేస్తూ వుండగా ఈ కాగితం విడిగా చేతులు మారుతూ తనకొక విలువ వున్నట్టు కనపడుతుందనీ మార్క్స్ కాపిటల్ మూడవ సంపుటంలో వివరించాడు. దాన్ని కల్పిత పెట్టుబడి అన్నాడు. కల్పితం అంటే ఫలితం లేనిదని అర్థం కాదు. ఆ కాగితం ధర నిలవాలంటే అడుగున ఒక నిజమైన మనిషి నిజమైన వాయిదా కట్టాలి. వాటాల పట్టికను చదవటమంటే ఆ మనిషి దాకా చదవటమని నా అభిప్రాయం. ఎవరు కొన్నారు అనేది మొదటి వరస. ఎవరు అమ్మారు అనేది రెండవ వరస. ఎవరు ఎప్పుడైనా వెళ్లిపోగలరు, ఎవరు ఎన్నటికీ వెళ్లలేరు అనేది మూడవ వరస. దాన్ని ఏ బజారూ అచ్చు వెయ్యదు, మనమే రాసుకోవాలి.

ఇదంతా చెప్పి మనం చేతులు కడుక్కుంటే అది కపటం అవుతుంది. మనం కూడా ఆ పట్టికలో వున్నాం. రాష్ట్రంలో 2004 సెప్టెంబరు తరవాత వుద్యోగంలో చేరిన వుపాధ్యాయుల పింఛను సొమ్ములో ఒక భాగం వాటాల్లోకి పోయింది. మన భీమా సొమ్ము పోయింది. ఏ కంపెనీకి పోయిందో, అక్కడ ఎవరి మెడ మీద ఎంత బరువు పడిందో మనం అడగలేదు. తెలియదు కాబట్టి బాధ్యత లేదంటే, పెద్ద ఫండు కూడా అదే మాట అంటుంది. బాధ్యత అందరికీ సమానమని నేనడం లేదు. ఎవరికి ఎంత తెలుసుకునే వీలున్నదో, ఎంత మార్చే బలమున్నదో, ఎంత సులువుగా తప్పుకునే దారి వున్నదో అంత బాధ్యత. ఈ లెక్కన హెడ్జ్ ఫండుది కొండంత, మనది గోరంత. గోరంత అయినా అది వున్నది. మన సంఘాలు వేతన సవరణ కోసం అడిగినంత గట్టిగా, మా పింఛను సొమ్ముతో ఏమి చేస్తున్నారని కూడా అడగటం నేర్చుకోవాలి.

కుర్రవాడికి నేను కొనమనీ చెప్పలేదు, మానమనీ చెప్పలేదు. అది నాకు తెలిసిన విద్య కాదు. ఆ కంపెనీ ఏమి చేస్తుంది, అందులో ఎవరు పనిచేస్తారు, దానికి ఎవరు బాకీ వున్నారు అని మాత్రం అడిగాను. అతనికి తెలియదు. నాలుగు త్రైమాసికాల అంకెలు కంఠతా వచ్చిన తెలివిగల పిల్లవాడికి, ఆ కంపెనీ దేనివల్ల లాభం సంపాదిస్తున్నదో చెప్పటం చేతకాలేదు. తప్పు అతనిది కాదు. లెక్క చెయ్యటం నేర్పిన మేము, ఆ లెక్క ఎవరిదో అడగటం నేర్పలేదు. తెలుసుకుని మళ్లీ వస్తానని వెళ్లాడు. ఈ నెలలో మా తరగతిలో అతని చేతనే ఆ పట్టికను బోర్డుమీద రాయించి, మూడు వరసలూ నింపమని అందరినీ అడగదలచుకున్నాను. ఇతర కళాశాలల మిత్రులు కూడా ఈ పని చేసి, తమకు ఏ వరస ఖాళీగా మిగిలిందో రాస్తే బాగుంటుంది.